సారెలో వెళ్లిన నత్తలు

2023 వానాకాలం. మద్దిలపాలెంలో ఒక చిన్న ల్యాబ్‌లో చెరువు నీళ్లు పరీక్షించడం నా పని. ఆనందపురం దగ్గర చెరువు కౌలుకు తీసుకుని తామరపూలు అమ్మే అప్పలనరసమ్మ, శాంపిల్ సీసాకు బదులు బకెట్టు పట్టుకొచ్చింది. అందులో నిమ్మకాయంత నత్తలు, గులాబీ రంగు గుడ్లు అంటుకున్న తామర కాడ.

"ఆకులన్నీ కొరికేత్తన్నాయమ్మా. ఇయ్యేటి?"

చూడగానే గుర్తుపట్టాను. ఆపిల్ స్నెయిల్. మన నత్త కాదు, ఆక్వేరియం తొట్ల కోసం తెచ్చిన పరాయి జాతి. మోజు తీరాక ఎవరో మహానుభావుడు చెరువులో పారేసి చేతులు దులుపుకుని ఉంటాడు. ఒక నీటిలోని జీవం మరో నీటిలోకి చేరకుండా కాపాడుకోవడాన్ని మేం బయోసెక్యూరిటీ అంటాం. "ఈ చెరువులోది ఏదీ బయటికి ఇవ్వకండి," అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "మా కూతురు పైడమ్మకి సారెలో తామర దుంపలు పట్టుకెళ్లినానమ్మా. వాడిపోకుండా బురదతోటే గోనెలో కట్టినాను. ఆళ్ల సెరువులో ఏసుకున్నారు."

మర్నాడు ఇద్దరం పైడమ్మ అత్తవారి ఊరికి వెళ్లాం. చెరువు గట్టు రాళ్ల మీద అవే గులాబీ గుడ్లు. కింది మడిలో కొత్తగా నాటిన నారు చాలాచోట్ల తెగి నీళ్ల మీద తేలుతోంది. వియ్యపురాలు మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"కోడలు అడుగెట్టిన కాడ్నుంచీ ఇదే గోల. ఏ ఏళలో వచ్చిందో."

పైడమ్మ తల దించుకుని నిలబడింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదేననిపించింది. నేను నోరు తెరిచేలోపే అప్పలనరసమ్మ అంది, "పిల్ల అడుగు కాదు వదినా. నాను తెచ్చిన సారెలోనే వచ్చినాయి ఈ నత్తలు. అనాలంటే నన్ననండి."

వియ్యపురాలు నావైపు చూసింది. నిజమేనని తలూపాను.

"అయితే ఇకమీదట మీ ఇంటికాడ్నుంచి ఏటీ తేవద్దు," అందావిడ.

కూతురి మీది నింద పోయింది. వట్టి చేతులతో వెళ్లలేని తల్లికి ఆ గుమ్మం మూసుకుపోయింది. గుడ్లు గీకేసి నలిపేశాం, దొరికిన నత్తల్ని ఏరాం. అయినా ఆ రెండు చెరువులూ ఇంకా తేరుకోలేదు.

ఆ వియ్యపురాలు అన్నదీ, అంతకుముందు నేను చెప్పిందీ ఒకే మాట. అది తల్చుకుంటే నాకిప్పటికీ బాధే. ఇప్పుడు ఏ ఊరి చెరువుకి వెళ్లినా, ఏమీ ఇవ్వొద్దని చెప్పి ఊరుకోను. నీళ్లలోది తప్ప ఇంకేదైనా పట్టుకెళ్లండి, వట్టి చేతులతో మాత్రం బిడ్డ గడప తొక్కకండి అంటాను.