తగ్గించి పెట్టిన వెలుతురు

మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముస్లిం స్త్రీ కూర్చుంది. చనిపోయిన నా భార్య ఫొటోలు తన ట్యాబ్‌లో చూడాలని నేను అవస్థ పడుతున్నాను. బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచినా తెర మసకగానే ఉంది. కండువా కప్పుకుని చూసినా నా భార్య ముఖం కంటికి ఆనలేదు.

"ఏందన్నా, కండువాలో కోడిపిల్లను దాచినావా?" అని పక్కనున్నామె నవ్వి, ట్యాబ్ తీసుకుని సెట్టింగులు వెతికింది.

"చెడిపోలేదన్నా. ఇంకా మసకగా ఉండాలని ఎవరో వేరే బటన్ ఆన్ చేసి పెట్టినారు. రాత్రిళ్లు నేనూ నా ఫోన్ ఇట్లనే పెట్టుకుంటా. మా ఆయన తెల్లారకముందే లేసి దుకాణం తీయాల. ఆయన నిద్ర చెడగూడదు గదా."

జబ్బుపడిన ఆ నెలల్లో, నిద్ర పట్టిందా అని పొద్దున్నే అడిగితే నా భార్య పట్టిందనేది. నేను నమ్మాను.

"తీసేయమంటావా?" అని అడిగింది ఆమె.

"తీసేయమ్మా. మా ఆవిడ పెట్టుకున్నది. ఆమె పోయింది. ఇప్పుడు మా పడకగదిలో నేనొక్కణ్ణే."

ఆమె ఆ బటన్ తీసేసింది. తెర వెలిగాక ట్యాబ్ నా చేతికిచ్చి, దాని మీద ఎండ పడకుండా తన చేతిసంచి కిటికీకి అడ్డం పెట్టింది. గిద్దలూరు దాకా అలాగే పట్టుకుని కూర్చుంది.