మూత తియ్యని చేపల పులుసు

మణుగూరు బస్సులో నా పక్కన కూర్చున్న గని కార్మికుడు టేపు చుట్టిన థర్మాకోల్ డబ్బాను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు. అందులో ఏముందని అడిగాను.

"గోదారి చేపల పులుసన్నా. గడ్డకట్టించి ఐసుల పెట్టినం. దుబాయిల మా చెల్లె కడుపుతోని ఉంది, గిదే కావాలంటుంది. పొద్దుగూకేలోపు హైదరాబాదుల విమానం కార్గోకు ఇయ్యాలె. మూత తీస్తే ఖరాబైతదన్నరు."

అంటూనే సంచిలోంచి ఇంకో చిన్న టిఫిన్ డబ్బా తీశాడు. "అడిగినోళ్లకు పెట్టకుంటే చూపు తగిలి చెల్లెకు కడుపునొస్తదట. మా అమ్మ గిది వేరే కట్టిచ్చింది. తిను."

ఇప్పుడే టిఫిన్ చేశాను, తర్వాత తింటానన్నాను. ఈలోగా బస్సులో సగం మంది అడిగారు. అందరికీ మోదుగాకుల్లో తలా ముక్క పెట్టి, ఆఖరిది నాకు దాచాడు.

ఖమ్మంలో దాన్ని నా చేతికిచ్చాడో లేదో, కొత్త కండక్టరమ్మ ఎక్కింది.

"ఏందన్నా ఆ డబ్బాల?"

అతను ఖాళీ టిఫిన్‌లోకి చూశాడు. చెయ్యి మెల్లగా థర్మాకోల్ డబ్బా టేపు మీదికి పోయింది. నేను గబుక్కున నా ఆకు ఆమెకందించాను.

"మస్తుందన్నా!" అందామె. అతను డబ్బాను వాటేసుకుని పకపకా నవ్వాడు.

అడిగి తిననిది ఇక నేనొక్కణ్ణే. హైదరాబాదు వచ్చేదాకా ఆ డబ్బా వంక చూడకుండా, కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.