తాతయ్య ప్యాలెట్ బండి కింద కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు, కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేయించిన మరుసటి ఏడు, మా వీధి వీధంతా మాతో మాట్లాడటం మానేసింది. దానికి కారణం మా తాతయ్య పెరట్లో తయారుచేస్తున్న ఒక బండి.

మాది మండవల్లి దగ్గర కొల్లేటి అంచున ఉన్న ఊరు. చేపల ప్యాకింగ్ షెడ్డే మా వీధికి ఆధారం. మా అమ్మలాంటి ఆడవాళ్లు చేపలు ఏరి, ట్రేల్లో ఐసు వేసి సర్దేవారు. మగవాళ్లు ముఠాగా కలిసి ఆ ట్రేలను నెత్తిన పెట్టుకుని, వాలుగా వేసిన చెక్క మీద నడిచి లారీలోకి ఎక్కించేవారు. ఐసు నీళ్లు కారి ఆ చెక్క ఎప్పుడూ జారుతూనే ఉండేది. ముఠాలో పనిచేసే మా బాబాయి వానాకాలంలో ఒకరోజు దాని మీద జారి, ట్రేతో సహా కింద పడ్డాడు. నడుము దెబ్బతిని చాలాకాలం మంచం దిగలేకపోయాడు.

తాతయ్య అంతకుముందు తాడేపల్లిగూడెం వైపు ఒక మిల్లులో బస్తాలు ఎత్తే బండి, ఫోర్కులిఫ్టు నడిపేవారు. మిల్లు మూతపడ్డాక ఇంటి దగ్గరే ఉంటున్నారు. కొడుకు మంచం పక్కన కొన్నాళ్లు కూర్చుని, ఒక ఉదయం బస్సెక్కి గూడెం వెళ్లారు. సాయంత్రానికి పాత ఇనుము వ్యానులో తిరిగి వచ్చారు. వ్యానులో ఒక పాత ఫోర్కులిఫ్టు ముందు భాగం ఉంది. నిలువుగా రెండు ఇనుప దూలాలు, వాటి మధ్య బరువు లాగే చైన్లు, కింద ముందుకు చాచిన చేతుల్లా రెండు ఫోర్కులు. వీటిని మా మేనత్త వాళ్ల పాత ట్రాక్టరు వెనక బిగిస్తే, ట్రేలు పేర్చిన చెక్క బల్లను, అంటే ప్యాలెట్‌ను, ఒక్కసారిగా ఎత్తి లారీలో పెట్టవచ్చు, నెత్తిన మోయక్కర్లేదు. ఆయన అనుకున్నది అంతే.

ముఠా వాళ్లకు అది అలా కనిపించలేదు. గట్లు పోయాక చేప తగ్గింది, లారీలు తగ్గాయి. ఉన్న కాస్త పనిని కూడా బండి లాగేసుకుంటుందని వాళ్ల భయం. ముఠా మేస్త్రి ఒకరోజు మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడ్డాడు. "ఏవండీ పెద్దాయన గారూ, మీరంటే మాకు గౌరవమేనండి. ఆ బండి మాత్రం షెడ్డు గేటు దాటదండి. దాటితే బాగుండదు," అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. కళ్లు మాత్రం అలా లేవు.

ఆ తర్వాత షెడ్డులో అమ్మ పక్కన కూర్చునేవాళ్లు జరిగిపోయారు. చర్చిలో మా చాప చుట్టూ ఖాళీ ఏర్పడింది. బడిలో నా స్నేహితురాలు బెంచీ మారింది. ఒక ఉదయం తలుపు తీసేసరికి మా మెట్ల మీద కుళ్లిన చేపలు కుమ్మరించి ఉన్నాయి. అమ్మ బూడిద చల్లి ఎత్తిపోసింది.

అన్నిటికన్నా కష్టమైనది ఇంట్లోనే జరిగింది. లేచి తిరగగలిగిన రోజు నుంచీ బాబాయి ముఠా వైపు నిలబడ్డాడు. తాతయ్య ఉన్నచోట అన్నానికి కూర్చునేవాడు కాదు. "నా నడుం పేరు చెప్పి అందరి కడుపులూ కొట్టకండి నాన్నా," అన్నాడు ఒకసారి. తాతయ్య వెల్డింగు అద్దం కిందకి దించుకుని పనిలో పడిపోయారు.

బండిని షెడ్డుకు తీసుకెళ్లాల్సిన రోజు తెల్లవారుతుండగా నేను తాతయ్యతో పెరట్లో ఉన్నాను. బయలుదేరే ముందు ప్రతి భాగాన్నీ చేత్తో తడిమి చూడటం ఆయనకు మిల్లు నుంచి వచ్చిన అలవాటు. చైను కొస దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. చైనును పట్టి ఉంచే పిన్ను సగం బయటికి వచ్చి ఉంది. అది జారకుండా అడ్డంగా గుచ్చే ముల్లు లేదు. బరువు పైన ఉండగా ఆ పిన్ను ఊడితే ఫోర్కులు దభేలున కింద పడతాయి. తాతయ్య వసారా వైపు చూశారు. బాబాయి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఎవరికీ చెప్పకమ్మా. వెళ్లి టీ పట్రా," అన్నారు. నేను టీ తెచ్చేసరికి ట్రాక్టరు స్టార్టయి ఉంది. ఆయన దాన్ని బాగుచేశారో లేదో అప్పుడు నాకు తెలియదు.

షెడ్డు గేటుకు అడ్డంగా ముఠా అంతా నిలబడి ఉంది. వాళ్లలో బాబాయి కూడా ఉన్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాతయ్య వాళ్లతో వాదించలేదు. ఇంటి దగ్గర ఇటుకలు పేర్చి తెచ్చిన ప్యాలెట్‌ను లారీ ఎత్తుకు లేపి, ఇంజను ఆపి, దిగారు. వెనక్కి నడిచి వచ్చి, కండువా నేల మీద పరుచుకుని, ఆ ఇటుకల సరిగ్గా కింద కూర్చున్నారు. ఎత్తిన బరువు కిందికి వెళ్లవద్దని నన్ను ఎన్నిసార్లు కసిరారో. పిన్ను సంగతి అరిచి చెప్పేద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నది గుర్తొచ్చి ఆగిపోయాను.

"ఏంటండీ ఇది? లేవండి," అన్నాడు మేస్త్రి చిరాగ్గా.

తాతయ్య కదలలేదు. ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు. అప్పుడు గుంపులోంచి బాబాయి కేక వినిపించింది. "నాన్నా, లే. అక్కణ్ణుంచి లే. పిన్ను లేదు దానికి." అరుస్తూనే పరిగెత్తుకొచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని బయటికి ఈడ్చాడు. బాగుపడని నడుముతో అలాగే ఆయన పక్కన కూలబడిపోయాడు.

మేస్త్రి బాబాయి వైపు చూసి, "బండిని ఆపుతామన్నాం గాని, మనిషి మీద పడెయ్యమన్నామా?" అన్నాడు. ముల్లు తీసేసింది బాబాయే. ఖాళీగా ఎత్తి చూపేటప్పుడు ఫోర్కులు ఊడిపడితే అందరూ నవ్వుతారు, వెనక్కి పంపేస్తారు అనుకున్నాడట.

తాతయ్య కండువా దులుపుకుని లేచారు. "వాడు చెప్పాడు కదండీ. నాకది చాలు," అన్నారు. తర్వాత మేస్త్రితో, "దీన్ని నేను నడపనండి. మీలో ఎవరైనా నడుపుతానంటేనే షెడ్డుకు తెస్తాను," అని, ట్రాక్టరు తిప్పుకుని ఇంటికి వచ్చేశారు.

అంతటితో అందరూ కలిసిపోయారని చెప్పలేను. బండి టార్పాలిను కింద నెలల తరబడి పడి ఉంది. మళ్లీ వానలు పడి, మళ్లీ ఒకతను ఆ చెక్క మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాక, మేస్త్రి వచ్చి గుమ్మం బయటే నిలబడి, "బండి పంపండి, మావాళ్లు నడుపుతారు," అన్నాడు. ఆ తర్వాత కూడా మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. బాబాయిని ముఠా మళ్లీ చేర్చుకోలేదు. అతను చింతలపూడి వైపు పామాయిలు తోటల్లో పనికి వెళ్లిపోయాడు. తండ్రీ కొడుకులు ఆ రోజు గురించి మళ్లీ మాట్లాడుకోగా నేను వినలేదు.

కొన్నేళ్ల తర్వాత తాతయ్యను అడిగాను, బాబాయి అరవకపోతే ఏమయ్యేదని. "ఏమీ అయ్యేది కాదమ్మా. నువ్వు టీకి వెళ్లినప్పుడే కొత్త పిన్ను వేసి, బరువు పెట్టి చూశాను," అన్నారు. తర్వాత, "వాడు అరవకపోతే మాత్రం నేను అక్కణ్ణుంచి లేవలేకపోయేవాణ్ణి," అన్నారు.

తప్పు చేసినవాడిలో కూడా ఒక కేక ఉంటుందని, దాన్ని బయటికి రానివ్వాలని ఆ రోజు నేర్చుకున్నాను. కానీ అంతమంది మధ్య కొడుకు చేత అరిపించినందుకు తాతయ్య మీద కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఏలూరులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. తరగతిలో ఏదైనా పోయినా, ఎవరైనా దేన్నైనా విరగ్గొట్టినా, సంచులు వెతికించను, అందరి ముందూ అడగను. స్టాఫ్ రూము తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కరినే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంటాను. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగుతాను. చాలాసార్లు చెబుతారు.