నడిమధ్య కుర్చీ

చెవిలో గింజంత యంత్రం పెట్టుకుని ఊరేగే కాలం ఇది గానీ, నా పాతికేళ్ల వయసులో పాట వినడమంటే యాగం చేసినంత పని. నంద్యాల నుంచి బస్సులో ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు తెచ్చి ఆళ్లగడ్డలో దించినప్పుడు, మా వీధిలో పడుకున్న బర్రెలు సైతం లేచి దారిచ్చాయి. రెండు స్పీకర్లకూ సమదూరంలో, సరిగ్గా నడిమధ్య కూర్చుంటే పాడే మనిషి డబ్బాలను వదిలేసి ఎదురుగా గాలిలో నిలబడుతుంది. ఆమె వెనక వీణ, ఇంకా వెనక, గోడ అవతల పెరట్లో ఉన్నట్టు మృదంగం. జానెడు పక్కకు జరిగితే కచేరీ మొత్తం చెదిరిపోతుంది. అందుకని నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి (గుడి కట్టేటప్పుడు కూడా అన్ని కొలతలు వేసి ఉండరు) ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీని అక్కడ ప్రతిష్ఠించాను.

చిక్కంతా ఆ కుర్చీతోనే. అది ఇంటికొచ్చినవాళ్లది. గడప తొక్కినవాళ్లను అందులో కూర్చోబెట్టకపోతే నాయనకు అన్నం సహించదు. ఒక్క పాట, మొదలు నుంచి చివరిదాకా, నడిమధ్య కూర్చుని వినడమే అప్పటి నా జీవితాశయం. ఓ ఆదివారం కళ్లు మూసుకున్నాను. ఆమె గాలిలో రూపు కడుతోంది. అంతలో రుద్రవరం మామ దిగాడు.

"లెయ్‌రా, మీ మామను కూచోనీ," అన్నాడు నాయన.

లేచాను. ఆయనైనా ఆ అద్భుతం చూడనీ అని, "మామా, కండ్లు మూసుకో. ఆయమ్మ నీ ఎదురుగ్గా నిలబడి పాడతాంది," అన్నాను.

మామ మూసుకున్నాడు, తెరిచాడు. "యాడుందప్పా? నాకేం కనపడల్యా. ఈడ గాలి గూడా రాల్యా," అంటూ కుర్చీని ఫ్యాను కిందికి ఈడ్చాడు. నా గీతలన్నీ దానితోపాటే పోయాయి.

నాయన మాత్రం ఎప్పుడూ కుడి స్పీకరు పక్కనే, గోడకు ఆనుకుని నేల మీద. "ఆడ కూచుంటే ఒక్క పక్కే వినపడతాది, ఏం లాభం నాయనా?" అని మొత్తుకున్నాను.

"నీకు యాడో గాల్లో పాడతాంది. నాకు పక్కన కూచోని పాడతాంది. సాల్లేరా."

ఆ మాటకు నంద్యాల దాకా వినపడేలా నవ్వాను.

ఇప్పుడు నంద్యాలలోనే ఉంటున్నాను. పాటల కోసమే ఒక గది. కుర్చీ కొలిచిన చోటే ఉంటుంది, ఎవరూ లెమ్మనరు. వచ్చేవాళ్లు ముందు ఫోను చేస్తారు. ఎక్కువగా ఫోనుతోనే సరిపెడతారు. నాయన లేడు. మొన్న సాయంత్రం, మామ దిగిన రోజు సగంలో చెదిరిన ఆ పాటే పెట్టాను. ఆమె తాడు పట్టి నిలబెట్టినట్టు నడిమధ్య నిలబడింది. వీణ, మృదంగం ఎక్కడివక్కడ. ఇంత దూరాన నిలబెట్టడానికా ఇన్నేళ్ల తంటా అనిపించింది. లేచి (మోకాళ్లు మృదంగం కన్నా గట్టిగా మోగాయి) కుడి స్పీకరు పక్కన, గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాను. వీణ వెనక, మృదంగం ఇంకా వెనక అన్న లోతంతా మాయమైంది. ఆమె పక్కకొచ్చి కూర్చుంది.

ఎదురుగా కుర్చీ, నడిమధ్య, ఖాళీగా. రుద్రవరం మామ దిగితే బాగుండును. కుర్చీని ఫ్యాను కిందికి నేనే ఈడ్చి వేసేవాణ్ని.