ఆయ్ అన్నదానికి నేను కట్టిన అర్థం

ఇన్నేళ్ళుగా నేను మోస్తూ వచ్చిన బరువు, చూడబోతే, ఒక చిన్న మాట. ఆయ్. మా కోనసీమలో పుట్టిన ప్రతి నోటా పొద్దు పొడిచింది మొదలు లెక్కలేనన్ని సార్లు పలికే మాట. దాని అర్థం నాకు తెలియక కాదు. తెలిసి ఉండీ, నాకు అనువైన అర్థమొకటి దానికి అంటగట్టి, ఆ అర్థం చాటున దాగి బతికాను. మొన్న, చెప్పవలసిన మనిషికి చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు కాస్త ధైర్యం.

నేను వైద్యుణ్ణి. ఇప్పుడు విరమించాను. రాజోలుకు సమీపాన ఒక గ్రామంలో నా క్లినిక్ ఉండేది. నాన్నగారు తెలుగు పండితులు. మందుల చదువుకు పోకముందే నాకు వ్యాకరణమూ కావ్యాలూ చెప్పారు. ఆ చదువు వల్ల కలిగిన మేలు అటుంచి, ఒక దోషం మాత్రం గట్టిగా అబ్బింది. నా మాట నాకు ముద్దు. చుట్టలు మానండి, జర్దా మానండి, సారా మానండి అని రోగులకు హితవు చెప్పేటప్పుడు నా వాక్యాలు నాకే వినసొంపుగా ఉండేవి. నా గదికీ వరండాకీ నడుమ ఒక సగం తెర. అవతల బల్లమీద కూర్చున్నవారు కూడా వింటూ ఉండేవారు. వాళ్ళు వినాలనే అంత చక్కగా మాట్లాడేవాణ్ణా? అవును. అందుకే.

నా వాక్యం ముగిసిన చోటల్లా ఎదుటి మనిషి ఆయ్ అనేవాడు. విన్నానండి, మీరు పెద్దవారు, చెప్పండి. అంతవరకే ఆ మాటకు అర్థం. మానేస్తానని కాదు. తప్పు ఒప్పుకున్నానని అసలే కాదు. నాన్నగారి పరిభాషలో అది అవ్యయం. లింగవచనవిభక్తులు దానికి అంటవు. నేను మాత్రం దాన్ని ప్రమాణంగా స్వీకరించి, ఒక మనిషిని బాగుచేశానన్న తృప్తితో తరువాతి రోగిని పిలిచేవాణ్ణి.

సత్తెమ్మ గారు కొబ్బరి పీచు పనికి వెళ్ళేవారు. 'గారు' అన్నది ఇప్పుడు చేర్చాను. అప్పట్లో సత్తెమ్మా అనే పిలిచేవాణ్ణి. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి చేతులు పడిపోయాయి, మాట ముద్దగా వచ్చేది. ఆమెకు అడ్డపొగ అలవాటు. అంటే, చుట్టను తిరగేసి, నిప్పున్న కొనను నోటి లోపల ఉంచుకొని పీల్చడం. అంగిలి కాలి కాలి అక్కడ పుండు పడుతుందనీ, అది ప్రాణాంతకం కాగలదనీ ఒకనాడు ఆమెకు సుదీర్ఘంగా వివరించాను. ఆయ్, ఆయ్ అంటూ విన్నారు.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చారు. దగ్గరకు రాగానే పొగాకు వాసన గుప్పుమంది.

"చుట్ట మానావా?" అన్నాను.

"ఆయ్. మానేసేనండి. అంగిట్లోనే మంటగా ఉంటందండి. కారం తగిల్తే పేణం పోతందండి."

"మానితే ఈ వాసన ఏమిటి?"

"అది ఆయనకాడ..."

"మంచాన పడ్డ మనిషి మీద పెట్టకు."

తెర అవతల నుంచి ఎవరో అందుకున్నారు. "సత్తెమ్మొదినా, పొయ్యిలో నిప్పయినా ఆరుద్దేమో గానీ, నీ నోట్లో నిప్పు ఆరదేటే!"

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుల ఊపులోనే, అందరికీ వినబడేలా అడిగాను. "వైద్యుడి దగ్గర అబద్ధమాడకూడదు. మానలేదు, అంతే కదా?"

ఆమె తెర వైపు చూశారు. తరువాత తల వంచుకున్నారు.

"ఆయ్."

నా టార్చిలైటు బల్ల మీదే ఉంది. నోరు తెరవమని అనడానికి ఒక్క మాట చాలు. అంతసేపు అన్ని మాటలు చెప్పినవాణ్ణి ఆ ఒక్క మాట అనలేదు. చుట్ట మానితే మంట అదే తగ్గుతుందని, ఏవో మాత్రలిచ్చి పంపేశాను.

నెలలు గడిచాక ఆమె కొడుకు సూరిబాబు తల్లిని పట్నం తీసుకువెళ్ళాడు. అక్కడ పుండు ముదిరిందని అంగిలిలో కొంత భాగం తీసివేశారు. అతడు నా దగ్గరకు వచ్చి, నిష్ఠూరమేమీ లేకుండా, చేతులు కట్టుకొని అడిగాడు. "ముందు మీకాడికే వచ్చింది కదండీ. అప్పుడేం కనపళ్ళేదాండీ?"

"నోరు చూశాను. అప్పటికేమీ లేదు. చుట్ట మానమంటే మానలేదు. మీ అమ్మే ఒప్పుకుంది" అన్నాను.

నోరు చూశానన్నది అబద్ధమని ఆ క్షణానే నాకు తెలుసు. మిగిలినదీ అబద్ధమేనని తరువాత తెలిసింది. ఆమె భర్తకు ఆయాసం వస్తే చూడటానికి ఇంటికి వెళ్ళాను. గడపలో ఆగిపోయాను. ఆమె పొయ్యి నిప్పుకు ఆనించి అంటించిన చుట్టను అతని పెదవుల మధ్య పెట్టి, తన ముఖం పక్కకు తిప్పుకొని, పట్టుకొని కూర్చున్నారు. పొగంతా ఆమె చీరె మీదికే పోతున్నది. నన్ను చూసి ఆయన ముద్దమాటలతో అన్నాడు. "మీరు సెప్పిన్నాడే మానేసిందండి ఇది. ఈ కంపు నాదండి. అబ్బాయి నమ్మడండి. డాట్రు గారి మాట కన్నా నీ మాట ఎక్కువేటి అయ్యా, అంటాడండి."

ఆయన నాడి చూశాను. మాత్రలు పొద్దున్న వెయ్యాలా సాయంత్రం వెయ్యాలా అని ఆమె ముక్కుతో వచ్చే కొత్త గొంతుతో అడిగారు. పొద్దున్న అని చెప్పి వచ్చేశాను.

నోరు చూసి ఉంటే ఆమె ఇంకా ఎక్కువ కాలం బతికేవారా? నాకు తెలియదు. నెలల ముందే పట్నం వెళ్ళేవారు, అది మాత్రం తెలుసు. మరి తెలిసిన తరువాతనైనా ఎందుకు నోరు విప్పలేదు? భయం. ఫలానా డాక్టరు నోరు చూడకుండానే చూశానన్నాడట అన్న మాట పాకుతుందని భయం. ఆమె మరికొన్నేళ్ళు బతికి, కన్నకొడుకు దృష్టిలో అబద్ధాలకోరుగా పోయారు. భర్త కూడా ఆ తరువాత ఎంతో కాలం లేడు. సూరిబాబు మాత్రం మా తోటలో కొబ్బరికాయల దింపుకు వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ కాఫీ ఇప్పిస్తాను. ఆ కాఫీతో పాటు చెప్పవలసినది చెప్పలేక మింగుతూ వచ్చాను.

మొన్న దింపు జరుగుతూండగా, అతడు అరుగు మీద కూర్చొని ఇంటిదగ్గరున్న కూతురితో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఏదో చిన్న తగవు. "నానమ్మ పోలిక నీది! అదీ అంతే, డాట్రు గారి మొకం మీదే అబద్ధవాడేసింది" అన్నాడు.

అన్నేళ్ళూ కదలని నా నాలుక అప్పుడు కదిలింది. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. నా అలవాటు వాక్యాలేవీ ఆ పూట రాలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాను. అతడు చివరిదాకా విని, రెండే ప్రశ్నలు వేశాడు.

"నోరు చూళ్ళేదాండీ?"

"చూడలేదు."

"అమ్మ మానేసిందాండీ?"

"మానేసింది. మీ నాన్న నాకు చెప్పాడు. నేను దాచాను."

"ఆయ్."

లేచి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నిలబడి ఫోను తీశాడు. "అమ్మలూ, ఇందాక నానమ్మనో మాటన్నాను కదా. తప్పంట. నానమ్మ అబద్ధవాళ్ళేదంట" అనడం నాకు వినబడింది. తరువాత ఏమన్నాడో వినబడలేదు. కాఫీ గ్లాసు అరుగు మీదే ఉండిపోయింది.

మళ్ళీ దింపుకు వస్తాడో రాడో. ఆ ఆయ్ క్షమించాననా, ఛీ అనా, కేవలం విన్నాననా? వెనకటి రోజుల్లోనైతే నాకు పనికివచ్చే అర్థాన్ని వెంటనే ఏరుకునేవాణ్ణి. ఈసారి ఏరుకోలేదు. అవ్యయాన్ని అవ్యయంగానే వదిలిపెట్టాను. అతడు వెళ్ళాక చల్లారిన ఆ గ్లాసు నేనే లోపలికి తీసుకువెళ్ళి కడిగాను. గుండెలో బరువు ఉండే చోటును తడిమి చూసుకున్నాను. అక్కడ సిగ్గు ఉంది. బరువు లేదు.