ఆరో చప్పుడు

"భయం గాదమ్మీ, చేతులే లేస్తలేవు. అదే చెప్తున్న."

"గంట మోగితెనా, చప్పుడైతెనా?" జొన్నరొట్టె తిప్పుతూ అడిగింది తల్లి జహీరాబీ.

"చప్పుడైతెనే."

తాండూరు ఉస్మాన్ విమానం నడపడం నేర్చుకుంటున్న రోజులవి, 1984. హైదరాబాదులో సిమ్యులేటర్ అని ఒక పెద్ద డబ్బా. లోపల అచ్చం పైలట్ గదే, విమానం మాత్రం ఉండదు. రన్‌వే వదిలే క్షణంలో ఇన్‌స్ట్రక్టర్ యోహాను వెనక నుంచి మీట నొక్కుతాడు. ఇంజన్ పేలినట్టు ధన్‌మని ఒక చప్పుడు, ఆ వెనకే హెచ్చరిక గంట. వెంటనే కాలితో పెడల్ తొక్కి విమానం ముక్కు పక్కకు తిరగకుండా నిలబెట్టాలి. ఉస్మాన్ బిగుసుకుపోయేవాడు. అలా నాలుగుసార్లు కూల్చేశాడు. రెండు రోజులకని తాండూరు వచ్చాడు. బుధవారం ఆఖరి పరీక్ష, తప్పితే ఇక ఇంటికే.

"మీ అబ్బా లెక్కనే నువ్వు గూడ ఇంకో చప్పుడు కోసం లెక్కవెడుతున్నవ్ రా," అంది తల్లి.

తండ్రి అజమత్ నాపరాళ్ల గనిలో మందు పేల్చేవాడు. ఎన్ని మందులు పెడితే అన్ని చప్పుళ్లు వినబడేదాకా ఎవరూ వేలు కదపకూడదు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని తండ్రితోపాటు ఉస్మానూ లెక్కపెట్టేవాడు. ఒకనాడు ఆరు పెట్టారు, అయిదే వినబడ్డాయి. అజమత్ ఎవరినీ దిగనివ్వలేదు. ముళ్లకంప అడ్డం వేశారు, వానలకు గని నీళ్లతో నిండిపోయింది, ఆరో మందు పేలకుండా అడుగునే ఉండిపోయింది.

"పానం పోయేటప్పుడు గూడ మీ అబ్బా చెవి గని దిక్కే వెట్టిండు. నీది ఒక్కటే చప్పుడు గద? ఒకటని గట్టిగ అను, లెక్క అయిపోతది."

హైదరాబాదు రైలు ధారూర్ దాటి వికారాబాద్ చేరేదాకా ఉస్మాన్ "ఒకటి, ఒకటి" అనుకుంటూనే ఉన్నాడు. ఎదుటి సీటు ముసలాయన సర్దుకుని దూరంగా జరిగాడు.

బుధవారం మధ్యాహ్నం మూడుంబావు, సిమ్యులేటర్లో. ధన్‌మంది.

"ఒకటి," అన్నాడు ఉస్మాన్. కాలు కదిలింది, ముక్కు నిలబడింది. పైకి లేస్తుండగా మరో చప్పుడు. ఈసారి కింద నుంచి, నీళ్లడుగున పేలినట్టు. కుర్చీ అదిరింది. చేతులు మాత్రం ఆగలేదు.

యోహాను కాగితం మీద సంతకం పెడుతూ, "ఒకటేంది తమ్మీ, విమానానికి గూడ హాజరు వేస్తవా?" అన్నాడు.

"రెండోది ఎందుకు వెట్టిండ్రు సార్?"

"రెండోదేంది? నేను నొక్కింది ఒక్కటే." యంత్రం గీసిన పట్టీ చూపించాడు. దాని మీదా ఒక్కటే గీత.

ఉస్మాన్ తపాలాఫీసుకు నడిచాడు. తాండూరుకు ట్రంక్ కాల్ బుక్ చెయ్యాలి, పక్కింటి ఫోనుకు అమ్మీని పిలిపించాలి. పాసైన సంగతి తర్వాత. మూడుంబావుకు పాత గని దిక్కు నుంచి ఏమన్నా వినబడిందా అని ముందు అడగాలి.