మా అమ్మ మూరతో నోవహు ఓడ

మా చిన్నప్పటి సంగతి... బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒకసారి నోవహు ఓడ ఎంత పొడుగుందో మా అమ్మ మూరేసి కొలిచింది. నవ్వకండి బాబూ... నిజంగానే కొలిచింది.

మా నాన్న గూడ్స్ గార్డు. పక్క క్వార్టర్‌లో ఉండే డేవిడ్ మావయ్య గూడ్స్ డ్రైవర్. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే. ఒకే బండి మీద డ్యూటీ పడితే ఆయన ముందు ఇంజన్లో, నాన్న వెనక బ్రేక్‌వ్యాన్‌లో... దిగాక మాత్రం ఒకే అన్నం డబ్బాలో తినేవారు. 'ఒరే' లేకుండా వాళ్ళు మాట్లాడుకోవడం నేను వినలేదు.

సాయంత్రాలు మావయ్య అరుగు మీద కూర్చుని మాకు జలప్రళయం కథ చెప్పేవాడు. లోకమంతా నీళ్ళు, ఓడలో నోవహు కుటుంబం, జతలు జతలుగా జంతువులు... నేనూ, మావయ్య కూతురు ఎస్తేరూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. నాన్న మాత్రం పేపరు వెనక నుంచి మధ్యలో దూరేవాడు.

"అన్నీ ఒక్క ఓడలో పట్టీసినాయేట్రా? మరి మేతో? ఏనుగులకే ఒక వ్యాగన్ గడ్డి చాలదు కదా!"

"దేవుడు చెప్పిన కొలతలకి కట్టేడ్రా. వాక్యంలో ఉంది."

ఇది రోజూ ఉండే తంతే. కానీ ఒకరోజు కాలనీ వాళ్ళంతా ఉండగా నాన్న నోరు జారాడు. "ఒరే, ఆ కట్టుకథలు చెప్పి పిల్లల బుర్రలు పాడుచెయ్యకు. మన అర్పా నదికి వరదొస్తేనే నీ ఇంజన్ కదల్దు, లోకం మునిగితే ఓడ తేలిందట!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. మావయ్య మొహం ఎర్రబడిపోయింది.

"నా నమ్మకం మీకు నవ్వులాటగా ఉందేటి గార్డు గారూ?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

గార్డు గారూ! ఆ 'గారు' వినగానే అమ్మ చేతిలో పని ఆపేసి నాన్నవైపు చూసింది.

ఆ తర్వాత ఆ 'గారు' పోలేదు. డ్యూటీలో డబ్బాలు వేరైపోయాయి. ప్రతి శనివారం అమ్మ మా పెరటి మల్లెపూలు మాలకట్టి, వాళ్ళ ప్రార్థన బల్ల మీదికి ఒక మూర పంపేది... ఆ పూలూ ఆగిపోయాయి. నన్నూ ఎస్తేరునీ ఎవరూ వద్దనలేదు గానీ, ఒకరింటికొకరం వెళ్తే పెద్దవాళ్ళు ఇబ్బందిగా నవ్వేవారు. ఎస్తేరు నాకెక్కడ దూరమైపోతుందోనని ఏడుపొచ్చేది.

దానికి మాత్రం రోషం. "మా పప్పా ఝూఠ్ చెప్పరు. నాప్‌కే చూద్దాం, కొలిచే చూద్దాం!" అని వాక్యం పుస్తకం, అదే వాళ్ళ తెలుగు బైబిలు, పట్టుకొచ్చింది. ఇద్దరిదీ హిందీ మీడియం, తెలుగు చదవాలంటే కూడబలుక్కోవడమే.

"మూడు వందల... మూ... ర... లు. యే మూర క్యా హోతా హై? మూరంటే ఏంటే?"

నాకు తెలిసిన మూర ఒక్కటే. పరిగెత్తుకెళ్ళి, "అమ్మా, ఓడని కూడా మల్లెపూలలాగే కొలుస్తారా?" అని అడిగాను.

అమ్మ ముందు విరగబడి నవ్వింది. తర్వాత కాసేపు ఆలోచించి, చెంగు నడుముకి దోపింది. "ఎల్లండే... అందరిళ్ళలో బట్టలారేసే దండేలు విప్పి పట్టుకురండి," అంది.

ఓలమ్మో... ఆ ఆదివారం మా వరస క్వార్టర్లలో ఒక్క దండెం మిగల్లేదు! తడిబట్టలు భుజాన వేసుకుని ఆడవాళ్ళు ఒకటే తిట్లు. సంగతి తెలిశాక వాళ్ళే కూర్చుని తాడుకి తాడు ముడేసి పెట్టారు.

గోల విని నాన్నా, మావయ్యా బయటికొచ్చారు. ఎవరి మూరతో కొలవాలన్న దగ్గర మళ్ళీ రచ్చ. మావయ్య ఆరడుగుల మనిషి, నాన్న పొట్టి. "నా చేత్తో కొలవండి," అని నాన్న... "అచ్ఛా, ఓడని చిన్నది చేసీడానికా గార్డు గారూ?" అని మావయ్య.

"మీ ఇద్దరి మూరలూ నాకక్కర్లేదు. ఈ కాలనీలో మూరంటే నాదే," అని అమ్మ మెట్టు మీద కూర్చుని కొలవడం మొదలెట్టింది. పిల్లలమంతా గొంతులు చించుకుని లెక్కపెట్టాం.

ఇక తాడుని ఫుట్‌బాల్ గ్రౌండులో లాగి పట్టుకోవాలి. ఎవరూ చెప్పకుండానే మావయ్య ముందు కొస పట్టుకుని నడిచాడు. నాన్న వెనక కొస దగ్గర నిలబడ్డాడు. అలవాటు మరి! మావయ్య నడుస్తూనే ఉన్నాడు... గ్రౌండు దాటి, అవతలి కంచె దాకా వెళ్ళి బొటనవేలంత కనిపించాడు. అబ్బో, ఇంత ఓడా అని కాలనీ అంతా గుడ్లప్పగించి చూసింది.

తాడు బిగిసింది. నాన్న ఏదో అరిచాడు, అటు వినపడలేదు. అప్పుడు భుజం మీది ఆకుపచ్చ తువ్వాలు తీసి, బండి బయల్దేరేటప్పుడు జెండా ఊపినట్టే ఊపాడు.

 అవతల మావయ్య తాడు చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "కూ..." అని ఇంజన్ కూత వేశాడు!

కాలనీ కాలనీ అంతా నవ్వింది. ఈసారి అందరికంటే ఎక్కువ మావయ్యే నవ్వాడు. తాడు చుట్టుకుంటూ నాన్న దగ్గరికొచ్చి, "ఒరే సూర్యం, చూసేవేట్రా?" అన్నాడు.

"చూసేను. మన బండిలో పావు వంతు లేదు. అన్నీ ఎలా పడతాయిరా?"

"మూడంతస్తులురా! నీ వ్యాగన్‌కి మేడ ఉంటాదేటి?"

ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ పై శనివారం మళ్ళీ మల్లెపూలు వెళ్ళాయి. అమ్మ మూర కాస్త పెద్దదిగానే వేసింది.

ఇప్పుడా గ్రౌండులో కట్టడాలు లేచాయి. దండేలు బాల్కనీల్లోకి పోయాయి. మొన్న మా పాత కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇదే ప్రళయం మీద గొడవ... ఒకరు రుజువులు పంపారు, ఇంకొకరు వెక్కిరింపులు పంపారు, చివరికి ఇద్దరూ గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. బోద్రీ హైకోర్టులో వకీలుగా ఉన్న ఎస్తేరు ఫోన్ చేసి, "మీ అమ్మని పిలవ్వే, మళ్ళీ దండేలు విప్పాలి," అంది.

నాన్నా, మావయ్యా రిటైరయ్యాక బిలాస్‌పూర్‌లోనే, లింగియాడీహ్‌లో పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ వాదన ఇప్పటికీ తేలలేదు. తేల్చుకోవాలని ఇద్దరికీ లేదనుకుంటా...

మీ వీధిలోనూ ఇలాంటి తేలని వాదన ఒకటి ఉండే ఉంటుంది. తాడు అవతలి కొస ఎవరు పట్టుకునేవారో చెప్పండి... వినాలనుంది.